కిందున్నవాళ్ళ మాట

"ఎడమ చెయ్యే కదా," అంది టీచరమ్మ. "పరీక్ష కుడిచేత్తో రాస్తుంది. దేవుడు ఆ మాత్రం దయ చూపించాడు."

ఆవిడ మానాన ఆవిడ అనుకుని ఊరుకుంటే ఆదివారం పొద్దున్న ఏ గొడవా లేకుండా గడిచిపోయేదే. కానీ ఆ మాట సోఫాలో కూర్చుని వయొలిన్‌కి గుడ్డ చుడుతున్న వాళ్ళ నాన్న చెవిన పడింది.

"మళ్ళీ అను అమ్మాయీ," అన్నాడు తాతయ్య. "ఎడమ చెయ్యే కదా అన్నావా?"

"అబ్బా, నాన్నా. మాటవరసకి అన్నాను."

"వయొలిన్‌కి ఏ చెయ్యి కావాలో నా ఇంట్లో పుట్టి పెరిగిన నీకు తెలీదా? కుడి చెయ్యిదేముంది, ఊరికే కమాను లాగుతుంది. పాట పుట్టేది ఎడమచేతి వేళ్ళ కింద. ఆ వేళ్ళని తీసుకెళ్ళి బీరువా కింద పెట్టారు. నువ్వేమో దేవుడి దయ అంటున్నావు."

ఆ ఇద్దరి మధ్య కుర్చీలో గిత్త కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు, దిండు మీద కట్టు కట్టిన ఎడమ చెయ్యి. చెయ్యి తనదే అయినా ఆ సంభాషణలో తనకి చోటు దొరకలేదు.

గిత్త అనేది వాళ్ళ నాన్న మేస్త్రీ పెట్టిన ముద్దుపేరు. బడికెళ్ళే వయసులోనే బియ్యం మూట భుజానేసుకుని ఇంట్లో చక్కర్లు కొట్టిందట. ఆడపిల్లని గిత్త అంటారా ఎవరైనా అని తల్లి ఎంత మొత్తుకున్నా ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు ఇంజినీరింగ్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. తెల్లారి వ్యాయామశాల, పగలు కాలేజీ, సాయంత్రం తాతయ్య దగ్గర వయొలిన్. సెలవు రోజుల్లో నాన్న వ్యాను మీద, ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే పని.

నిన్న మూడో అంతస్తు నుంచి బీరువా దించుతుంటే మెట్ల మలుపులో జారింది. బీరువా అంచుకీ ఇనుప రెయిలింగుకీ మధ్య ఆమె వేళ్ళు రెండు నలిగాయి. ఎముక చిట్లిందని డాక్టరు కట్టు కట్టాడు. కట్టు విప్పాక గానీ వేళ్ళు పూర్తిగా వంగుతాయో లేదో చెప్పలేనన్నాడు.

"అమ్మా," అంది గిత్త. "డ్రాయింగ్ పరీక్ష కూడా ఉంది. స్కేలు ఎడమచేత్తోనే నొక్కి పట్టాలి."

టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మోచేత్తో పట్టుకో."

"మోచేత్తోనా?"

"ఏం, మోచేతికి ఏమైంది? దానికి దెబ్బ తగల్లేదుగా."

కింద నేల మీంచి మూలుగు లాంటి నవ్వు వినిపించింది. మేస్త్రీ నడుముకి బెల్టు కట్టుకుని చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుము పట్టేసినప్పట్నుంచీ గట్టి నేల తప్ప ఇంకేదీ వద్దన్నారు. అందుకని ఇంట్లో ఏ గొడవైనా ఆయన పైకప్పుతోనే మాట్లాడాల్సి వస్తోంది.

"నవ్వండి, బాగా నవ్వండి," అంది టీచరమ్మ. "మీరు పడుకుని, పిల్లని పడుకోబెట్టి. నొప్పి మాత్రలు నీ చదువుకునే టేబుల్ సొరుగులో పెట్టానే గిత్తా. ఇల్లంతా పారేయకుండా ఒక పద్ధతిగా అక్కడే ఉండనివ్వండి."

మర్యాద పోయేంత కోపం వచ్చినప్పుడు ఆవిడ కూడా గిత్తా అనేస్తుంది. ఆ సంగతి ఆవిడ ఒప్పుకోదు.

"వచ్చేవారం లైబ్రరీ సామాన్లు ఒప్పుకున్నాను," అన్నాడు మేస్త్రీ పైకప్పుతో. "ఎవరు మోస్తారో ఏమో."

"వింటున్నావా నాన్నా?" అంది టీచరమ్మ. "కూతురి వేళ్ళు పచ్చడయ్యాయి, ఈయనకి లైబ్రరీ."

"పుస్తకాలేగా టీచరమ్మా. నీకు ఇష్టమైనవే."

"మోసేవాటిని కాదు, చదివేవాటిని ఇష్టపడతాను నేను."

"చదివినవాళ్ళ సంగతి నాకు చెప్పకు. అన్ని పుస్తకాలు చదివి నాలుగు మెట్లెక్కేసరికి గోడ పట్టుకుని ఆయాసపడతారు. వాళ్ళ సామాను మోసీ మోసీ ఇదిగో, ఇలా పడున్నాను. నా కూతురు అలా కాకూడదు."

"మీలా నేల మీద పడుకుంటే పర్వాలేదా?"

మేస్త్రీ నడుము బెల్టు సర్దుకున్నాడు.

తాతయ్య వయొలిన్ పెట్టె గొళ్ళెం వేశాడు. "నా మాట ఒకటే. ఈ ఇంట్లో ఇంక ఇది ఉండదు. బాగా వాయించే పిల్ల ఇంకొకతి వస్తోంది నా దగ్గరికి. దానికి ఇచ్చేస్తాను. వాద్యం అంటే బీరువాల మధ్య దాచుకునే వస్తువు కాదు. గిత్త వ్యాను మానేస్తానంటే చెప్పండి, పెట్టె మళ్ళీ తెరుస్తాను."

"వ్యానే కాదు, పరీక్షలయ్యేదాకా వయొలినూ వద్దు," అంది టీచరమ్మ.

"అదేంటి, వయొలిన్ ఏం చేసింది?"

"రోజూ సాయంత్రం తినేస్తోంది. అది చేసింది."

"మీరిద్దరూ తేల్చుకోండి," అన్నాడు మేస్త్రీ. "నేను మాత్రం చదువొద్దనలేదు, పాట వద్దనలేదు. ఒంట్లో సత్తువ ఉంటే రెండూ వాటంతటవే వస్తాయి."

"మీ ఒంట్లో ఇన్నేళ్ళు సత్తువ ఉంది కదా. ఏది వచ్చింది?"

గిత్త దిండు పక్కన పెట్టి లేచింది. "నేనొకటి చెప్పనా?"

ఎవరూ చెప్పమనలేదు. వద్దనీ అనలేదు. అదే అవకాశం అనుకుంది.

"ఈ మూడూ వేరు వేరు అనుకుంటున్నారు మీరు. లెక్క తెగకపోతే పుస్తకం మూసి, పొద్దున్నే వెళ్ళి బరువులెత్తుతాను. మధ్యాహ్నానికి తెగుతుంది. ఎందుకో నాకూ తెలీదు. మలుపులో బీరువా ఎంత వాలిస్తే తిరుగుతుందో క్లాసులో నేర్చుకున్నదాంతోనే చూస్తాను. సామాను మోసొచ్చిన రోజు వయొలిన్ పట్టుకుంటే చెయ్యి వణకదు. తాతయ్యే అన్నాడు ఒకసారి. వయొలిన్ ముట్టుకోని వారం నా మొహం నేనే చూసుకోలేను, అందరి మీదా అరుస్తూ..."

"అరవడం సంగతి మాకు తెలుసులే," అంది తల్లి.

"చెయ్యి వణకదని నేనెప్పుడన్నాను?" అన్నాడు తాతయ్య.

"అన్నావు తాతయ్యా. పోయిన వర్షాల్లో."

"పోయిన వర్షాల్లో నాకు జ్వరం. జ్వరంలో వందంటాం."

గిత్త మళ్ళీ కూర్చుంది. దిండు తీసుకుంది. చెప్పాల్సిన మాట ఇంకా సగం ఉంది. అది లోపలే ఉండిపోయింది.

అప్పుడు వచ్చాడు బాబాయి. మేస్త్రీకి తమ్ముడు, వ్యాను నడిపేవాడు, నిన్న బీరువా పైకొస పట్టుకున్నవాడు. గుమ్మంలో చెప్పులు విడవకుండానే చెయ్యి చాపి వ్యాను తాళాలు చదువుకునే టేబుల్ మీద పెట్టాడు.

"వదినా, తాళాలు."

టీచరమ్మ వాటి వైపు చూడలేదు. "మంచిది. నేనే అడుగుదామనుకున్నాను. మెట్ల మీద సామాను దించేటప్పుడు మీ పద్ధతేంటి? నువ్వే చెప్పు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "కింద పట్టుకున్నవాళ్ళే మాట చెప్పాలి వదినా. బరువంతా వాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి. వాళ్ళు ఆగమంటే ఆగాలి, వదలమంటే వదలాలి. పైనున్నవాడు తన బుర్ర వాడకూడదు."

"నిన్న కింద ఉన్నదెవరు?"

"మన గిత్త."

"వదలమని అది చెప్పిందా?"

"లేదు."

"మరెందుకు వదిలావు?"

బాబాయి చొక్కా గుండీ తడుముకున్నాడు. గిత్త నేల వైపు చూసింది. నేల మీద నాన్న ఉన్నాడు. మేస్త్రీ ఆగి ఉన్న ఫ్యాను రెక్కల్ని, అవి ఎటు తిరుగుతాయో ఇప్పుడే తేల్చాలన్నంత శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళ పనివాడివి," అంది టీచరమ్మ. "కన్నకూతురి లాంటి పిల్ల చెయ్యి."

"అందుకే వెళ్తున్నాను వదినా. వేరే వ్యాను చూసుకుంటాను."

మేస్త్రీ చూపు ఫ్యాను మీంచి కదల్లేదు.

బాబాయి వరండా కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే గిత్త వెనకే వెళ్ళింది.

"చెప్పేయొచ్చుగా బాబాయ్."

"ఏం చెప్పాలి?"

"నువ్వు నా మాట కాదు, నాన్న మాట విన్నావని. రావద్దన్నా వచ్చి నీ వెనక మెట్టు మీద నిలబడ్డాడు. మలుపులో బీరువా ఇరుక్కోగానే వదులు, కాస్త వదులు అన్నాడు. నేను ఆగమని అరుస్తూనే ఉన్నాను."

"విన్నాను." బాబాయి చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "రెండూ విన్నాను. కానీ చిన్నప్పట్నుంచీ ఆ గొంతు వదలమంటే నా చేతులు వదిలేస్తాయి. నన్ను అడగవు."

"అయితే నేను చెప్తాను."

"నోరు ముయ్. నడుం పోయింది. మోసే పని పోయింది. మీ నాన్నకి ఇంక మిగిలింది ఆ గొంతొక్కటే. అది కూడా లాక్కుంటావా?"

"మరి నువ్వు?"

"నాకేం, ఎక్కడైనా మోస్తాను. ఆయన నోటితో ఆయనే చెప్పాలి. నిన్నట్నుంచీ చూస్తున్నాను చెప్తాడని." కుళాయి కట్టేశాడు. "చెప్పట్లేదు."

గిత్తకి ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. నాన్న మీద రావాలి. కానీ బీరువా జారాక, నడుం సంగతి మర్చిపోయి మెట్లు దూకుతూ వచ్చి ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నది ఆయనే. ఆస్పత్రికి వెళ్ళేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ మౌనమే ఇంకా నడుస్తోంది.

లోపల్నుంచి కుర్చీ లాగిన చప్పుడు. "నువ్వు వెళ్ళేముందు ఒక్క పని చేసి పో," అని పిలిచింది టీచరమ్మ.

ఆవిడ నిర్ణయం తీసేసుకుంది. గిత్త చదువుకునే టేబుల్ హాల్లో ఉన్నంతకాలం ఆ పిల్లకి చదువు రాదు. పక్కనే వయొలిన్ పెట్టె, తల మీద మేకుకి వేలాడే మోకులు, మోతపట్టీలు. టేబుల్ పైగదిలోకి పోవాలి. అక్కడ పుస్తకం, పిల్ల, గోడలు. పరీక్షలయ్యేదాకా ఇంకేమీ ఉండకూడదు.

"నన్ను అడగరా?" అంది గిత్త.

"అడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు."

"కింద నేను పట్టుకుంటాను," అన్నాడు మేస్త్రీ, ఒక మోచేతి మీద లేవబోయి మళ్ళీ పడుకుంటూ.

"మీరు కదిలితే ఊరుకోను. కింద నేను పట్టుకుంటాను."

"నువ్వా?"

"ఏం, మీ ఇంట్లో మీకూ మీ కూతురికేనా చేతులుండేది?"

బాబాయి నసిగాడు. "వదినా, సొరుగు ముందు బయటికి లాగేద్దాం. దారిలో జారితే..."

"జారదు. సొరుగున్న వైపు గోడకి తిప్పి పట్టుకుంటే ఎటూ జారదు. పాఠాలు చెప్పకు, ఎత్తు."

టేబుల్ మీది పుస్తకాలు, తాళాలు సోఫాలో పెట్టి ఎత్తారు. అది పాతకాలం కర్ర టేబుల్, బరువు. బాబాయి వెనక్కి నడుస్తూ మెట్లెక్కుతున్నాడు. కింద టీచరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని రెండు చేతులూ టేబుల్ అడుగున పెట్టింది. సగం దాకా బాగానే వెళ్ళింది. మలుపు దగ్గర టేబుల్ కాలు గోడకి తగిలి ఆగింది. బరువు ఒక్కసారిగా కిందికి దిగింది. టీచరమ్మ మొహం ఎర్రబడింది.

"వాల్చు తమ్ముడూ, అటు వాల్చు," హాల్లోంచి మేస్త్రీ. ఎలా లేచాడో ఏమో, గోడ పట్టుకుని మెట్ల మొదటికి వచ్చేశాడు.

"అటు కాదు, నిలువుగా లేపండి," సోఫాలోంచి తాతయ్య.

"నిలువుగా లేపితే పైకప్పు తగుల్తుంది మావయ్యగారూ."

"మరి ఎప్పుడూ వాల్చడమేనా అల్లుడుగారూ? నిన్న వాల్చిందాని ఫలితం చూశాం కదా."

"వదులు, కాస్త వదులు," అన్నాడు మేస్త్రీ.

బాబాయి చేతులు కదిలాయి. టేబుల్ బెత్తెడు కిందికి జారింది. టీచరమ్మ దాన్ని భుజంతో ఆపింది.

"నోరు ముయ్యండి అందరూ," అంది పళ్ళు బిగించి. "బరువు నా మీద ఉంది. ఒక్కళ్ళు మాట్లాడండి."

గిత్త కూడా మెట్ల మొదటికి వచ్చింది.

"ఆ ఒక్కళ్ళూ నువ్వే అమ్మా," అంది గిత్త కిందనుంచి. "కిందున్నది నువ్వు."

"అయితే మీ బాబాయికి చెప్పు, నా మాట తప్ప ఇంకెవరి మాటా వినొద్దని."

"వినను వదినా," అన్నాడు బాబాయి. "మళ్ళీ వినబోయాను ఇప్పుడు. మీరు ఆపారు. ఇంక చచ్చినా వినను."

టీచరమ్మ పిల్లలకి పాఠం చెప్పే మనిషి. తరగతి గదిలో ఎవరో మాట మింగితే ఏ బెంచీలో మింగారో వెనక్కి తిరక్కుండానే పట్టుకుంటుంది.

"మళ్ళీ అన్నావు," అంది. "అంటే ఇంతకుముందు ఒకసారి విన్నావు. ఎవరి మాట?"

బాబాయి పైనుంచి అన్న వైపు చూడలేదు. అలా చూడకపోవడమే చెప్పేసింది.

"ముందు టేబుల్ దించు," అన్నాడు మేస్త్రీ. "తర్వాత మాట్లాడుకుందాం. నీకు అలవాటు లేదు, భుజం పోతుంది."

"దించను. చెప్పేదాకా ఇక్కడే ఉంటాను."

"టీచరమ్మా."

"నన్ను అలా పిలిచి బుజ్జగించకండి. నిన్న మెట్ల మీద మాట చెప్పిందెవరు?"

తాతయ్య సోఫాలోంచి లేచి వచ్చాడు. వయొలిన్ పెట్టె ఆయన చంకలోనే ఉంది.

మేస్త్రీ మొదటి మెట్టు మీద కూర్చోబోయాడు. నడుము కూర్చోనివ్వలేదు. గోడ పట్టుకుని అలాగే వంగి నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు. "నేనే చెప్పాను వదలమని. వాడి తప్పేం లేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని చూడలేకపోయాను. నోరు దానంతటదే లేచింది." తమ్ముడి వైపు చూశాడు. "ఆ పద్ధతి పెట్టిందీ నేనే. కింద పట్టుకున్నవాళ్ళే మాట చెప్పాలని వీడికీ దానికీ నేర్పిందీ నేనే."

టీచరమ్మ అరుస్తుందని అందరూ అనుకున్నారు. అరవలేదు. టేబుల్ భుజం మీద మోస్తూ భర్తని చూసింది. తర్వాత కూతుర్ని చూసింది.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"నిన్నట్నుంచీ చెప్పకుండా కూర్చున్నావు."

"ఎవరు చెప్పనిచ్చారు?"

టీచరమ్మ టేబుల్‌ని భుజం మీద సర్దుకుంది. అలవాటు లేని బరువు. అయినా వదల్లేదు. చివరికి అడిగింది, తరగతిలో కూడా ఎప్పుడూ వాడని మెత్తటి గొంతుతో.

"ఈ టేబుల్ దగ్గర కూర్చోవాల్సింది నువ్వు. పైగదిలోకా, హాల్లోకా? నువ్వు చెప్పు. మీ బాబాయి నా మాట వింటాడు, నేను నీ మాట వింటాను."

గిత్త చెయ్యి దిండు లేకుండా వేలాడుతోంది. కట్టు లోపల వేళ్ళు గుండెలా కొట్టుకుంటున్నాయి. పొద్దుట్నుంచీ ఆ చెయ్యి పరీక్షకి పనికొస్తుందా, వయొలిన్‌కి పనికొస్తుందా, లైబ్రరీకి పనికొస్తుందా అని ముగ్గురూ అడిగారు.

"ముందు నాకు ఒక నొప్పి మాత్ర ఇవ్వండి," అంది. "చాలా నొప్పిగా ఉంది. ఎవరైనా అడుగుతారేమో అని చూశాను."

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. తాతయ్య పెట్టె కింద పెట్టి, వంటింట్లోకి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "మాత్రలెక్కడ పెట్టావమ్మాయీ?"

టీచరమ్మ భుజం మీది టేబుల్ వైపు చూసింది. మాత్రలు టేబుల్ సొరుగులో ఉన్నాయి, ఒక పద్ధతిగా. సొరుగు గోడ వైపు ఉంది. టేబుల్ పైకైనా వెళ్ళాలి, కిందికైనా దిగాలి. మలుపులో ఉన్నంతసేపూ అది తెరుచుకోదు.

నలుగురూ గిత్త వైపు చూశారు. ఎవరి సలహా వాళ్ళ నాలుక చివరే ఉంది. ఒక్కరూ నోరు విప్పలేదు.

గిత్త ఒక మెట్టు ఎక్కి, బాగున్న చెయ్యి తల్లి భుజం పక్కన టేబుల్ అడుగున పెట్టింది. బరువెంతో చూసుకుంది.

"బాబాయ్," అంది. "నా మాట విను."